మిషన్ దిగితే గింజ పెరుగుతుందా?

"తాతయ్యా, పొలాల్లో మిషన్లు పెరిగితే పంట కూడా పెరుగుతుంది కదా?" అని అడిగావు అమ్మడూ. మీ పుస్తకంలో బొమ్మ గీసి, ట్రాక్టర్ల గీత, దిగుబడి గీత రెండూ పైకి పోతున్నట్టు చూపించారన్నావు. రెండూ కలిసి పైకి పోయినంత మాత్రాన ఒకటి రెండోదాన్ని లాగుతోందని చెప్పలేం. ఏది దేన్ని లాగింది, ఎంత లాగింది అని విడదీసి చూడాలి. అందుకని ఇవాళ మన వరి చేనునే తీసుకుందాం. కొన్ని లెక్కలు వస్తాయి, కాగితం దగ్గర పెట్టుకో.

మొదటి లెక్క నాగలిది. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. పాత కర్రనాగలి ఒక చాలులో కదిపే మట్టి వెడల్పు సుమారు 15 సెంటీమీటర్లు, అంటే 0.15 మీటర్లు. 4,047ని 0.15తో భాగించు. ఎంతొచ్చింది? 26,980 మీటర్లు. ఒక్క ఎకరం ఒక్కసారి దున్నాలంటే అరక వెనక మనిషి 27 కిలోమీటర్లు నడవాలన్నమాట. గట్టు దగ్గర మలుపులు ఇందులో కలపలేదు. ఎడ్లు గంటకి రెండున్నర కిలోమీటర్లు నడుస్తాయనుకో, పదకొండు గంటలు పడుతుంది. ఎండెక్కాక ఎడ్లు లాగలేవు గనుక అది ఒక్క రోజులో తెమిలే పని కాదు. వరి మడికి ఒక దుక్కి చాలదు, మూడు నాలుగు సార్లు దున్ని, నీళ్లు పెట్టి బురదయ్యేలా దమ్ము చేసి, చదును చెయ్యాలి. అదే ఆరడుగుల రోటవేటరు తగిలించిన ట్రాక్టరైతే? 4,047ని 1.8తో భాగించు. రెండుంబావు కిలోమీటర్లు. గంటలో ఎకరం అయిపోతుంది.

ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? శక్తి నుంచి. మనిషి పొద్దస్తమానం నిలకడగా చెయ్యగల పని 75 వాట్ల దాకా ఉంటుంది. ఎడ్ల జత సుమారు ఒక హార్స్‌పవరు, అంటే 750 వాట్ల దరిదాపు. లీటరు డీజిల్లో దాదాపు 10 కిలోవాట్ గంటల శక్తి దాగి ఉంటుంది. ఇంజను దాంట్లో పావు వంతో, ఇంకాస్తో పనిగా మారుస్తుంది, మిగిలింది వేడిగా పోతుంది. ఆ పావు వంతే రెండున్నర కిలోవాట్ గంటలు. మనిషి ఎనిమిది గంటలు కష్టపడితే 0.6 కిలోవాట్ గంటలు. లీటరు డీజిలు నలుగురు మనుషుల రోజు కష్టానికి సమానం. మన దేశంలో సాగుభూమికి అందే శక్తి 1960-61లో హెక్టారుకి 0.3 కిలోవాటు ఉండేది, అదీ తొంభై శాతానికి పైగా మనుషులదీ పశువులదీనే. 2016-17 నాటికి అది 2 కిలోవాట్లు దాటింది. రమారమి ఏడింతలు.

మరి గింజ ఏడింతలయిందా? లేదు. దేశం మొత్తం మీద బియ్యం దిగుబడి 1960-61లో హెక్టారుకి 1,013 కిలోలు, 2020-21లో 2,717 కిలోలు. రెండున్నర రెట్లు దాటింది, అంతే. గోధుమ 851 నుంచి 3,521కి వచ్చింది, నాలుగింతలు. ఈ పెరుగుదలలో పెద్ద వాటా విత్తనానిది, నీటిది, ఎరువుది. పాత వరి రకాలు మనిషి భుజం దాకా పెరిగేవి. ఎరువు వేస్తే ఇంకా ఏపుగా పెరిగి, వెన్ను బరువుకి చేను పడిపోయేది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు ఇండోనేసియా రకం పేటాని, తైవాన్ పొట్టి రకం డీజియోవూజెన్‌ని సంకరం చేసి 1966లో ఐఆర్ 8 విడుదల చేశారు. పొట్టిగా, గట్టిగా నిలబడి, వేసిన ఎరువుని గింజకి పంపే మొక్క అది. మన గోదావరి డెల్టాలోని ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు మొదట్లోనే ఆ విత్తనం వేసి, ఇరుగు పొరుగు రైతులు నమ్మేలా పండించి చూపించారు. ట్రాక్టర్లు మన దేశంలో తయారవడం అప్పటికి కొత్త. మొదటిది 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్ కంపెనీ చేసింది. డెల్టాలో దుక్కి చాలావరకు ఎడ్ల మీదే సాగేది.

ఇంకో మాట కూడా చెప్పాలి. హైదరాబాదు పక్కనే పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది కదా, అక్కడ పనిచేసిన హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త, దక్షిణాసియాలో ట్రాక్టర్ల మీద అంతవరకు జరిగిన సర్వేలను ముందేసుకుని 1978లో ఒక పుస్తకం రాశాడు. ట్రాక్టరున్న కమతాల్లో దిగుబడి ఎక్కువున్నా, అది ట్రాక్టరు వల్లనే అని చెప్పడానికి గట్టి ఆధారం దొరకలేదని తేల్చాడు. ట్రాక్టరు కొనగలిగిన రైతుకి నీరూ, ఎరువూ కూడా ఎక్కువే అందుతాయి. వాటిని తీసి పక్కన పెట్టి చూస్తే ట్రాక్టరు చేసిందల్లా ఎడ్ల స్థానంలోకి రావడమే. నాకు ఆ పుస్తకం మీద చాలా గౌరవం. ఎందుకంటే ట్రాక్టరంటే అభివృద్ధి అని ఊరూరా అనుకుంటున్న రోజుల్లో, అంకెలు చూసి మాట్లాడిన మనిషి ఆయన.

అయితే ఆ రోజుల్లో పల్లెల్లో అరకలున్నాయి, చేతులున్నాయి. ఎడ్లతో వారంలో అయ్యే దుక్కి ట్రాక్టరుతో రెండు రోజుల్లో అయితే రైతుకి శ్రమ తప్పుతుంది, చేనుకి పెద్ద తేడా రాదు. ఇవాళ సంగతి వేరు. అరకలు పోయాయి. ఊళ్లో పిల్లలు చదువులకి, ఉద్యోగాలకి పోయారు. పని అదునులో జరగాలంటే చేతులు చాలడం లేదు. కాబట్టి ఇప్పుడు వేసుకోవలసిన ప్రశ్న ఇది: మిషన్ రాకపోతే ఆ పని ఎన్ని రోజులు వెనకబడుతుంది? ఆ ఆలస్యానికి మొక్క ఏం చేస్తుంది? నా మటుకు నాకు అసలు జవాబంతా అక్కడే ఉందనిపిస్తుంది. మిషన్ గింజని పుట్టించదు. అదును తప్పితే పోయే గింజని మాత్రం కాపాడగలదు.

ఊడ్పులు చూడు. తెలంగాణలో నాట్లంటారు. వరసకీ వరసకీ 20 సెంటీమీటర్లు, కుదురుకీ కుదురుకీ 15 సెంటీమీటర్లు పెడితే చదరపు మీటరుకి 33 కుదుళ్లు వస్తాయి. ఎకరానికి లెక్క కడితే లక్షా ముప్పై వేలు దాటతాయి. పన్నెండు మంది ఆడవాళ్లు ఒక రోజులో ఎకరం ఊడిస్తే ఒక్కొక్కరూ పదకొండు వేల కుదుళ్లు పెట్టినట్టు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బురదలో నిలబడి, నడుము ఎత్తకుండా, వెనక్కి వెనక్కి అడుగేస్తూ, వేళ్ల మధ్య రెండు మూడు మొక్కలు విడదీసి, పైపైన గుచ్చుతారు. లోతుగా గుచ్చితే పిలక రాదని వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. మనం తిన్న అన్నంలో ఆ వేళ్ల నైపుణ్యం ఎంతుందో నాకు తెలుసు గనుక, "కూలీలు దొరకడం లేదు" అని విసుక్కుంటూ ఎవరైనా అంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

కాలవకి నీళ్లు వదలగానే ఊరందరికీ ఒకే వారంలో ఊడ్పులు కావాలి. పక్క రైతు వంతు అయ్యాకే మన వంతు. ఈలోగా నారుమడిలో నారు ముదురుతుంది. పెద్దవాళ్లు నెల పంటకి వారం నారు అని లెక్క చెప్పేవారు. నాలుగు నెలల పంటయితే నాలుగు వారాల్లోపు నారు తీసి ఊడవాలన్నమాట. ఈ లెక్కలో మంచి సైన్సుంది. వరి మొక్క కొన్ని రోజులకొక ఆకు వేస్తుంది. నాలుగో ఆకు వచ్చే వేళకి మొదటి కణుపు దగ్గర పిలక పుట్టే అవకాశం మొదలవుతుంది. ఆ తర్వాత ఒక్కో ఆకుతో పాటు ఒక్కో కణుపుకి అవకాశం వస్తుంది. నారుమడిలో మొక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి గనుక వెలుతురు చాలదు, తిండి చాలదు. ఆ కణుపుల దగ్గర పిలకలు రాకుండానే సమయం దాటిపోతుంది, దాటిన కణుపు మళ్లీ పిలక వెయ్యదు. ముందు పుట్టిన పిలకలకే పెద్ద వెన్ను వస్తుంది, ఆలస్యంగా పుట్టినవాటికి తాలు గింజలు ఎక్కువ. నారు రెండు మూడు వారాలు ముదిరిందంటే రైతు పోగొట్టుకున్నది ఆ మొదటి పిలకలని. తర్వాత ఎంత యూరియా చల్లినా అవి తిరిగి రావు.

ఇక్కడ నాటు మిషన్ నిజంగా పనికొస్తుంది. ట్రేల్లో చాపలాగా పెంచిన నారు రెండు వారాలు దాటగానే తయారు. మిషన్‌కి ఉన్న ఇనప వేళ్లు ఆ చాప నుంచి చిన్న ముక్క గిల్లి బురదలో గుచ్చుతాయి. లేత నారు, పైపైన నాటు, సమానమైన ఎడం. రోజుకి మూడు నాలుగెకరాలు సాగిపోతుంది. కానీ దానికి మడి అద్దంలా చదునుగా ఉండాలి. దమ్ము చేశాక మట్టి ఒకటి రెండు రోజులు పేరుకోవాలి. నీళ్లు పలచగా నిలవాలి. మెరకలో నారు నిలబడక ఒరిగిపోతుంది, పల్లంలో మునిగిపోతుంది. అందుకే మిషన్ నాటు బాగుందా లేదా అన్నది, దానికి ముందు మడి చదును చేసినవాడి చేతుల్లో సగం ఉంటుంది.

ఆ పన్నెండు మంది సంగతేంటని నువ్వు అడక్కముందే చెబుతాను. వాళ్లకి ఆ కూలి పోతుంది. నడుం నొప్పి తప్పిందని సంతోషించాలా, చేతిలో డబ్బు పోయిందని బాధపడాలా? రెండూ నిజమే. ట్రే నారు పెంచడం, మిషన్ నడపడం వాళ్లకి నేర్పితే ఆ కూలి మళ్లీ వాళ్లింటికే వెళ్తుంది. ఇది కష్టమైన పనేమీ కాదు. మిషన్ వచ్చిన చోటల్లా స్టీరింగు మగవాడి చేతికే ఎందుకు వెళ్లాలి?

ఇక కోతలు. నవంబరు, డిసెంబరు అంటే మన కోస్తాకి గుండె దడ. సార్వా, అంటే వానాకాలపు వరి చేను, పండి నిలబడి ఉంటుంది, బంగాళాఖాతంలో వాయుగుండం లేస్తుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చేలల్లో ఉన్న వరి ఎంత తడిసిందో పేపర్లో ఫొటోలు చూశాం. కొడవలితో కోస్తే పనలు చేలో మూడు నాలుగు రోజులు ఆరాలి, తర్వాత కుప్ప వెయ్యాలి, ఆ తర్వాత కళ్లంలో నూర్చాలి, తూర్పారబట్టాలి. ఆ రోజుల్లో ఎప్పుడు వాన పడినా ముప్పే. కోత మిషనైతే ముందున్న రీలు చేనుని లోపలికి వంచుతుంది, పళ్ల బ్లేడు కోస్తుంది, డ్రమ్ము కొట్టి గింజ రాలుస్తుంది, జల్లెడలూ ఫ్యానూ కలిసి తాలునీ గడ్డినీ వెనక్కి విసిరేస్తాయి, గింజ ట్యాంకులో పడుతుంది. గంటకి ఎకరం. తుపాను హెచ్చరిక విన్నాక చేతిలో ఉన్న రెండు రోజుల్లో చక్రాలకి బదులు చైన్ ఉన్న మిషన్ బురదలోకి కూడా దిగి ఎన్ని ఎకరాలు ఒడ్డున పడేస్తుందో ఆలోచించు. అదే దాని అసలు దిగుబడి.

కోతకి కూడా ఒక పదును ఉంది. గింజలో తేమ 20 నుంచి 24 శాతం మధ్య ఉన్నప్పుడు కొయ్యడం మంచిది. చేలోనే మరీ ఎండిపోనిస్తే గింజ రాలిపోతుంది. రాలకుండా నిలబడ్డదానికి ఇంకో చిక్కు. పగలు ఎండకి గింజ ఎండుతుంది, రాత్రి మంచుకి తేమ పీలుస్తుంది. పైపొర ఉబ్బుతుంది, లోపలి భాగం ఉబ్బదు. ఆ లాగుడుకి బియ్యపు గింజలో సన్నటి పగులు పడుతుంది. ఊక తీసి ఎండకి ఎదురుగా పట్టుకుంటే కనపడుతుంది. అది మిల్లుకి వెళ్లగానే నూక అవుతుంది. బస్తాల లెక్కలో దిగుబడి తగ్గదు, బియ్యం లెక్కలో తగ్గుతుంది.

పదునులో కోసిన పచ్చి గింజకి మాత్రం వేరే గొడవ. పూర్వం పనల మీద, కుప్పలో ఆరిపోయే గింజని ఇప్పుడు మిషన్ తడిగానే చేతిలో పోస్తుంది. గింజ బతికే ఉంటుంది, ఊపిరి తీస్తుంది. తేమ ఎక్కువుంటే ఆ ఊపిరి జోరు ఎక్కువ. రాశి పోసి ఒక్క రాత్రి వదిలేసి పొద్దున చెయ్యి లోపలికి దూర్చి చూడు, వెచ్చగా తగులుతుంది. ఇంకో రోజుకి ముక్క వాసన, బియ్యం పసుపుబారడం. కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ దాటితే తీసుకోరు. ఇంట్లో నిల్వ పెట్టుకోవాలంటే 14కి దిగాలి. అందుకే రోడ్ల మీద బరకాలు పరిచి ధాన్యం ఆరబోసి, కాళ్లతో తిరగేస్తూ నడిచే వాళ్లు నీకు కనపడేది. నేను గట్టిగా అనుకునేదేమిటంటే, ప్రతి కోత మిషన్ వెనకా ఊరికి ఒక ఆరబెట్టే యంత్రమో, కనీసం పెద్ద సిమెంటు కళ్లమో రావలసింది. కోత వేగం మాత్రం వచ్చింది, ఆరబెట్టే చోటు రాలేదు.

మిషన్లలో నిజంగా గింజనే పెంచినది ఒకటుంది. అది నీళ్ల ఇంజను. బంగ్లాదేశ్ వైపు చూడు. అక్కడి కమతాలు మనకంటే చిన్నవి. 1988లో వరదలు, తుపాను వచ్చి పశువులు పెద్ద ఎత్తున చనిపోయాయి. దున్నే దిక్కు లేక, ప్రభుత్వం చైనా ఇంజన్లూ, పవర్ టిల్లర్లూ దిగుమతి చేసుకోవడానికి ఉన్న అడ్డంకులు సడలించింది. ఒకడు టిల్లరు కొని ఊరందరికీ అద్దెకి దున్నిపెట్టాడు. అదే చిన్న ఇంజను బోరుకి తగిలిస్తే ఎండాకాలంలో నీళ్లు. దాంతో బోరో వరి, మన దాళ్వా, అంటే రెండో కారు వరి లాంటిది, అక్కడి బియ్యంలో సగానికి మించిపోయింది. రైతు మిషన్ కొనుక్కోలేదు, మిషన్ చేసే పని కొనుక్కున్నాడు. 2015-16 లెక్కల్లో మన దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు, రైతుల్లో నూటికి 86 మంది చిన్న, సన్నకారు వాళ్లే. మనకీ అద్దె దారే దారి. నాలుగెకరాల రైతు ట్రాక్టరు కొని, ఏడాదిలో చాలా రోజులు చెట్టు కింద పెట్టి, వాయిదాలు కట్టడం చూస్తే నాకు బాధేస్తుంది.

నేల సంగతి చెప్పకపోతే నీకు సగమే చెప్పినట్టు. ఇంటి పునాదిలో పోసిన మట్టికి నీళ్లు చల్లి దిమ్మిస కొడతారు, చూశావా? పొడి మట్టి అంత గట్టిపడదు. కాస్త తడి ఉంటే రేణువులు జారి దగ్గర దగ్గరగా కూర్చుంటాయి. తడి చేలో టన్నుల బరువున్న మిషన్ తిరిగితే జరిగేది అదే. జానెడు లోతున గట్టి పొర పడుతుంది. వరికి ఆ పొర మంచిదే, నీళ్లు ఇంకిపోకుండా ఆపుతుంది, దమ్ము చేసేది కూడా అందుకే. ఇబ్బందల్లా తర్వాత వేసే పంటకి. కృష్ణా డెల్టాలో వరి కోయడానికి రెండు మూడు రోజుల ముందే చేలో మినుములు చల్లేవారు. కొడవలి కోత అయ్యేసరికి ఆ తడికే మొలకలు వచ్చేవి, నీళ్లు పెట్టకుండా రెండో పంట చేతికొచ్చేది. కోత మిషన్ వచ్చాక చక్రాల దారిలో మొలక నలిగిపోతోంది, మిషన్ వదిలిన గడ్డి కుప్పల కింద మొలక లేవడం లేదు. గుంటూరు వైపు రైతులు దీనికి చక్కని ఎత్తు వేశారు. వరి కోశాక అసలు దున్నకుండా, కొయ్యకాళ్ల మధ్యనే వరసల్లో చిన్న గుంటలు చేసి మొక్కజొన్న గింజ వేస్తారు. దుక్కి ఖర్చు లేదు, దుక్కికి పోయే రోజులు లేవు, నేలలో ఉన్న తడి వృథా కాదు. నాకు చాలా ముచ్చటేసిన సేద్యం అది. ఎక్కడ మిషన్ దించాలో, ఎక్కడ నాగలి కూడా దించకూడదో తెలిసిన రైతులు వాళ్లు.

వేసవి సెలవులకి నువ్వొచ్చేసరికి దాళ్వా కోతలుంటాయి. నీకొక పని. నాలుగు పుల్లలు కట్టి మీటరు చదరం చేద్దాం. మిషన్ రాకముందే చేలో నాలుగు చోట్ల కుదుళ్ల మధ్య ఆ చదరం పెట్టి, దానంతటదే రాలిన గింజలు లెక్కపెట్టు. మిషన్ దాటిపోయాక, దాని వెనక గడ్డి దులిపి, మళ్లీ నాలుగు చోట్ల లెక్కపెట్టు. రెండో సగటులోంచి మొదటి సగటు తీసెయ్యి, మిగిలింది మిషన్ పారేసిన గింజ. వెయ్యి గింజలు ఏరి కిరాణా కొట్టు కాటా మీద తూచు, సుమారు 20 గ్రాములు ఉండొచ్చు. అలాగైతే చదరపు మీటరుకి 100 గింజలు రాలితే ఎకరానికి 8 కిలోలు పోయినట్టు. 400 రాలితే 32 కిలోలు, మన 75 కిలోల బస్తాలో సగానికి కాస్త తక్కువ. ఆ అంకె డ్రైవరుకి చూపించి, బండి వేగం కొంచెం తగ్గించి ఇంకో చుట్టు కొయ్యమందాం. అప్పుడు మళ్లీ లెక్కపెట్టు. ఫ్యాను గాలి తగ్గిస్తే ఎలా ఉంటుందో కూడా చూద్దాం. పుల్లల చదరం నేను కట్టి ఉంచుతాను, నోటుబుక్కు నువ్వు తెచ్చుకో.